దుప్పటి కింద బొమ్మ

"ముందు ఆ చేతులు వెనక్కి పెట్టుకోండి!"

లిఫ్టు మెకానిక్ ఉలిక్కిపడ్డాడు. చాప మీద కూర్చుని కళ్లెర్రజేస్తున్న మనిషి థెరపిస్టు. పసిపిల్లలకు ఆటలతోనే వైద్యం చేస్తుంది. బయట మూడ్రోజులుగా ముసురు.

"పాప బొమ్మకి దుప్పటి కప్పింది. మీరెందుకు లాగేశారు?"

"'ఇదిగో ఉంది!' అంటే నవ్వుతుందని..."

"అడిగిందా మిమ్మల్ని? ఇక్కడ ఆట పాపది. మీరు చూడాలంతే. లిఫ్టు రిపేరు కాదిది."

పాప అతని మేనకోడలు. రెండేళ్లు. తల్లి జ్వరంతో పోయి రెండు నెలలైంది. చుట్టాలొచ్చి, "పసిదానికేం తెలుసులే" అనేసి వెళ్లారు. తెలుసు! అప్పట్నుంచి ఎవరెత్తుకున్నా కర్రలా బిగుసుకుపోతోంది. దానికిప్పుడు మేనమామే దిక్కు. ఈ పిల్ల ఎప్పటికీ తన ఒళ్లోకి రాదేమోనని అతని భయం. ఆ భయంతోనే దాని ముందు కోతిలా గెంతేవాడు. ఇంట్లో అక్క ఊసెత్తనిచ్చేవాడు కాదు.

ఆరు వారాలు, ప్రతి గురువారం పాపని తీసుకొచ్చి తిట్లు తిన్నాడు. తిట్టే మనిషి కోసం గురువారాలు లెక్కపెట్టడం ఎప్పుడు మొదలైందో అతనికే తెలీదు.

"ఇవాళ ఇస్త్రీ చొక్కానా? పాప చూడదు లెండి."

"మీరు చూశారుగా."

ఆమె గబుక్కున మొహం తిప్పుకుంది.

ఏడో గురువారం పాప మళ్లీ బొమ్మను కప్పేసింది. అతని చెయ్యి లేచి, ఆగింది. పాప దుప్పటి వంకే చూస్తోంది.

"అది అమ్మ గురించే అడుగుతోంది. ఉన్నదున్నట్టు చెప్పండి. అబద్ధం వద్దు," అంది ఆమె మెల్లగా.

"అమ్మ లేదు." అతను పాప వైపు తిరిగాడు. "ఇంక రాదు తల్లీ. నాక్కూడా కావాలే మీ అమ్మ!"

భోరుమన్నాడు. కోతి వేషాలన్నీ కొట్టుకుపోయాయి.

పాప లేచింది. తడి చెంప ముట్టుకుంది. ఒళ్లోకెక్కి మెత్తగా వాలిపోయింది.

వెళ్లేటప్పుడు, పాపను భుజాన వేసుకుని, తలుపు దగ్గర నసిగాడు. "నాతో ఓ టీ..."

"తాగను."

"ఇష్టం లేదా?"

"ఉంది. అదే తంటా. పాపని చూస్తున్నన్నాళ్లూ పాప మేనమామతో నాకేమీ ఉండకూడదు. ఇంకొకరికి అప్పజెబుదామంటే, అది మరో మనిషిని పోగొట్టుకుంటుంది. దాని వైద్యానికి ఏడాది పట్టచ్చు."

వాన చూరు నుంచి కారుతూనే ఉంది. పాప అతని భుజం మీదే నిద్రపోయింది.

"తొందరపెట్టను," అన్నాడు. "దాన్నీ, మిమ్మల్నీ."

ఆమె నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. "వచ్చే గురువారం పదింటికి. లేటైతే ఊరుకోను."