తొర్ర ముందు కొలువు

“ఆ రాయి కింద పడెయ్.”

సుగరతి సానూతో అన్న మొదటి మాట అది.

సానూ ఆ పొద్దునే సుగరతి తండ్రి భూరా ఇంటికి లమ్‌ఝనాగా, అంటే చాకిరీ చేసే కాబోయే అల్లుడిగా, వచ్చాడు. పిల్లను అడిగినవాడు ముందు ఆమె తండ్రి పొలంలో రెండు పంటలు చాకిరీ చెయ్యాలి. మామ మాట ఒక్కటి కాదన్నా మూట కట్టుకోవాల్సిందే. పిల్ల దక్కదు.

“కొట్టమన్నది మామే,” అన్నాడు సానూ.

చేను గట్టున అందుగు చెట్టు సగం ఎండి నిలబడి ఉంది. మోడు కొమ్మ మీద జానెడు గుడ్లగూబ. మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చుని తోక టకటకా ఆడిస్తోంది.

“పట్టపగలు తిరిగే గుడ్లగూబ. అరిష్టం కాదూ?”

“నువ్వూ పట్టపగలే తిరుగుతున్నావుగా. నిన్నూ కొట్టమంటావా?”

సానూకు నవ్వొచ్చింది. రాయి జారిపోయింది. గురి తప్పిందని మామకు చెప్పాడు.

ఆ తర్వాత రోజూ సుగరతి చేనుకు జొన్నరొట్టె తెచ్చేది. పెళ్లికాని వాళ్లు పక్కపక్కన కూర్చోకూడదు. ఆమె ఆ గట్టున, అతను ఈ గట్టున. ఒకరినొకరు చూసుకుంటే ఊరు ఊరుకోదు. అందుకని ఇద్దరూ చెట్టును చూసేవారు.

మగపిట్ట గడ్డిలోకి దూకి తొండను పట్టింది. తొర్రలోంచి ఆడపిట్ట సన్నగా పిలిచింది. మగపిట్ట తొండను అందించి మళ్లీ వేటకు పోయింది.

“ఆవిడగారు బయటికి రాదా?”

“గుడ్ల మీద కూర్చుంది. తెచ్చిపెట్టే పని వాడిది.”

“వాడూ నాలాగే అన్నమాట. మరి వాడి మామ ఏడీ?”

“ఉంటే తొర్ర ముందు రాయి పట్టుకుని నిలబడేవాడు.”

“రోజూ తొండేనా పాపం?”

“నీకు రోజూ రొట్టే కాదూ?”

“నువ్వు తెస్తున్నావు కాబట్టి గొంతు దిగుతోంది.”

ఉల్లిగడ్డ వచ్చి సానూ భుజానికి తగిలింది. ఆమె గురి మాత్రం తప్పలేదు.

జొన్న కోతలయ్యాక భూరా ఆవు చచ్చిపోయింది. ఊళ్లోవాళ్లు చేలో గుమిగూడారు. భూరా కళ్లు చెట్టు మీదికే పోయాయి. గొడ్డలి తెచ్చి సానూ చేతిలో పెట్టాడు.

“నరుకు.”

“లోపల పిల్లలున్నాయి మామా.”

“నరకవా? అయితే మూట కట్టుకో.”

సానూ సుగరతి వైపు చూశాడు. ఆమె చెట్టు వైపు చూస్తోంది. అతను గొడ్డలిని మామ కాళ్ల దగ్గర పెట్టాడు.

“నరకను.”

“నాకే ఎదురు చెబుతావా?”

“అవును మామా.”

సానూ పాకలోకి వెళ్లి దుప్పట్లో బట్టలు మూటకట్టుకుని వచ్చేసరికి సుగరతి చెట్టు మొదట్లో కూర్చుని ఉంది. ఒళ్లో గొడ్డలి, పక్కన ఆమె మూట.

“నీకు మూటెందుకు?”

“పద. ఇంకో పంట దాకా ఆగడమెందుకు? ఇవాళే పోదాం.”

“సిగ్గులేదటే?” అని అరిచాడు భూరా.

“ఆబా, ఆవు కోసిన మోళ్లకు లేచిన పిలకజొన్న మేసి, ఆ విషానికి చచ్చింది. అందులోకి తోలింది నువ్వు. గుడ్లగూబ తోలలేదు.”

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. భూరా ముఖం నల్లబడింది.

అప్పుడే మగపిట్ట ఎలుకను కరుచుకుని వచ్చింది. ఇంతమందిని చూసి కొమ్మ మీద ఆగింది. తొర్రలోంచి సన్నటి పిలుపు. పిట్ట తోక రెండుసార్లు ఆడించి, భూరా తలపాగాను రెక్కతో రాసుకుంటూ తొర్రలోకి దూసుకుపోయింది.

భూరా తలపాగా తడుముకున్నాడు. “ఏం ధైర్యంరా దీనికి! భయమే లేదే!”

“పెళ్లాం పిల్లలు లోపలున్నారు మామా,” అన్నాడు సానూ.

భూరా గట్టు మీద కూలబడ్డాడు. చాలాసేపు తొర్రనే చూశాడు. చివరికి చెయ్యి చాచాడు.

“గొడ్డలి ఇటివ్వు.”

“ఇవ్వను.”

“చెట్టుకు కాదే. పొయ్యిలోకి నాలుగు కట్టెలు కొట్టాలి. అల్లుడు పొద్దున్నుంచీ ఏమీ తినలేదు.”

సుగరతి గొడ్డలి వదల్లేదు. “ఆ మాట మళ్లీ అను.”

“ఏ మాట?”

“ఇప్పుడు అన్నావే, అది. అందరికీ వినపడాలి.”

భూరా అటూ ఇటూ చూశాడు. ఊరంతా గట్టు మీదే ఉంది.

“అల్లుడు,” అన్నాడు గట్టిగా.

అప్పుడు ఇచ్చింది.