ఉద్వాసన చెప్పని పడవ

నవంబరులో ఒక మంగళవారం పొద్దున కామేశ్వరరావు లాఖ్ రీ సరస్సు ఒడ్డున కారు ఆపి, ఫ్లాస్కులో కాఫీ సగం తాగి, మిగతా సగం పని అయ్యాక తాగుదామని మూత పెట్టాడు. పడవని నీళ్ళలోంచి పైకెత్తి చలికాలమంతా గట్టుమీద నిలబెట్టాలి. నాలుగింటికి క్రేన్. ఆలోగా మంచినీళ్ళ ట్యాంకు ఖాళీ చేయాలి, పరుపులు బూజు పట్టకుండా కారులోకి మొయ్యాలి, ఇంజనులో నీళ్ళు గడ్డకట్టకుండా గులాబీరంగు మందు పట్టించాలి. కిందటేడు ఇద్దరు కలిసి రెండు గంటల్లో చేశారు. ఈసారి ఒక్కడే. పైగా అరవై రెండేళ్ళ మోకాళ్ళు.

అసలు కామేశ్వరరావుకి నీళ్ళంటే సరదా లేదు, ఈత అంతకన్నా రాదు. కాకినాడలో ఇంజనీరింగు చదివిన నాలుగేళ్ళూ సముద్రాన్ని దూరం నుంచి చూసి దండం పెట్టుకున్నవాడే. పడవ సరదా లోకేశ్‌ది. లీక్స్‌లిప్ ఫ్యాక్టరీలో ఇద్దరిదీ ఒకే షిఫ్టు. "గురువుగారూ, ఈ దేశంలో ఎండ వచ్చేదే ఏడాదికి పదిరోజులు. ఆ పదీ కూడా కార్ పార్కులోనే గడిపేస్తారా?" అని వెంటపడి, పాత మోటారు పడవలో సగం ఈయన చేత కొనిపించాడు. మంచివాడే. ఒక్కటే పిచ్చి. కాలింగ్ బెల్లు ఉన్నా నొక్కడు, తలుపు తడతాడు. రెండు దెబ్బలు గబగబా, కాస్త ఆగి ఇంకొకటి. ఆ తట్టడం వినగానే కామేశ్వరరావు భార్య స్టవ్ మీద టీ గిన్నె పెట్టేసేది.

జులైలో సరస్సు మధ్య లంగరు వేసి పులిహోర తిన్నారు. పడవ అడుగున తిరిగే ఫ్యానుకి ఏదో తాడు చుట్టుకుందని లోకేశ్ నీళ్ళలోకి దిగాడు. కామేశ్వరరావు కేబిన్‌లో కాస్త నడుం వాల్చాడు. లేచేసరికి ఆరయింది. పైన ఎవరూ లేరు. ఆ తాడే లోకేశ్ కాలికి చుట్టుకుందని తరవాత గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, చెప్పారు.

"మెలకువగానే ఉన్నాను. ఏమీ వినపడలేదు," అని కామేశ్వరరావు గార్డులకి చెప్పాడు. లోకేశ్ భార్య నీలిమకీ అదే చెప్పాడు. కాని ఆ మగతలో అడుగునుంచి చప్పుడు వచ్చింది. రెండు గబగబా... ఆగి ఇంకొకటి. వస్తున్నానోయ్ అనుకుని, పక్కకి తిరిగి పడుకున్నాడు.

పన్నెండున్నరకి ఫోను మోగింది. నీలిమ.

"అన్నయ్యగారూ, ఆయన మంకీ క్యాపు పడవలో ఉందేమో చూస్తారా?"

"చూస్తానమ్మా."

"ఇంకోటి... ఆయన పిలిచి ఉంటారా అని రాత్రిళ్ళు అదే ఆలోచన. పిలిస్తే మీరు విని ఉండేవారే కదా? ఆ ఒక్కటీ తెలిస్తే నిద్రపడుతుంది నాకు."

"ఏమీ లేదమ్మా. నిశ్శబ్దంగా పోయాడు."

ఫోను పెట్టేసి మళ్ళీ పనిలో పడ్డాడు. ఈ మధ్య ఎవరేమడిగినా, మాట అక్కడితో తెగిపోతే చాలనిపించేలా జవాబు చెప్పడం అలవాటయింది ఆయనకి. కిందటి నెలా అంతే. ప్రాణం పోయినచోట నీళ్ళమీదే ఒక పిండం పెట్టాలన్నారు సామర్లకోట సిద్ధాంతిగారు. అక్కడ ఆయన, ఇక్కడ పడవలో ఈయన, మధ్యలో ఫోనులో వీడియో. నల్లనువ్వులు కలిపిన వేడి అన్నం ముద్ద చేసి, సిద్ధాంతిగారు చెప్పించినట్టే పేరూ గోత్రమూ చెప్పి లోకేశ్‌ని పిలిచాడు. వచ్చి కూర్చోమన్నాడు. అంతలో సిగ్నల్ పోయింది. వాన మొదలయింది. ముద్దని నీళ్ళలో వదిలి ఇంటికి వెళ్ళిపోయాడు. పిలిచినవాళ్ళని తిరిగి సాగనంపాలి, దాన్నే ఉద్వాసన అంటారు. రాత్రి సిద్ధాంతిగారు ఫోన్ చేసి, "ఉద్వాసన చెప్పారా?" అని అడిగితే, "చెప్పానండి," అనేశాడు.

మూడింటికి పని చివరికొచ్చింది. ఇంజను ఆడించి, మందు వెనక గొట్టంలోంచి గులాబీరంగుగా బయటికొచ్చేదాకా చూసి ఆపాడు. బ్యాటరీలు రెండూ విప్పి కారు డిక్కీలో పెట్టి వచ్చాడు. ఇప్పుడు పడవలో దీపం లేదు, పంపు లేదు. డీజిల్ వాసన, తడి గుడ్డల వాసన. ఆ రెంటి అడుగున ఇంకేదో... వండిన అన్నం వాసన. మధ్యాహ్నం ఏమీ తినలేదు కదా, ఆకలివల్ల అనుకున్నాడు. టోపీ కోసం వెనక పెట్టెలో చెయ్యి పెట్టాడు.

అడుగునుంచి రెండు దెబ్బలు.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆగి... ఇంకొకటి.

"లోకేశ్?" అన్నాడు. గుసగుసగా. నీళ్ళు పడవని నాకుతున్న చప్పుడు మాత్రం ఉంది.

టోపీ దొరికింది. తడిసి ఉంది.

నాలుగింటికి క్రేన్ నడిపే ఫర్గల్ వచ్చాడు. రెండు వెడల్పాటి పట్టీలు పడవ కిందికి జార్చి, "కామ్, అంతా గ్రాండేనా, బాగానే ఉందా? లోపల ఎవరూ లేరుగా?" అని అరిచాడు. పైకెత్తేముందు అందర్నీ అడిగేదే.

కామేశ్వరరావు తడి టోపీని జేబులో కుక్కుకున్నాడు. "ఎవరూ లేరు."

పడవ నీళ్ళు కారుతూ లేచింది. లేస్తూనే వెనక్కి ఒరిగింది. ఫర్గల్ క్రేన్ ఆపి తల గోక్కున్నాడు.

"కిందటేడు ఇవే పట్టీలు, ఇదే చోట. తిన్నగా లేచింది. వెనక ఏం వదిలేశావయ్యా, మీ అత్తగారినా?"

లోకేశ్ ఎప్పుడూ వెనకే కూర్చునేవాడు.

పట్టీలు సర్ది, గట్టుమీద దిమ్మెలపై దింపి, ఇనప కాళ్ళు బిగించి, ఫర్గల్ క్రేన్‌ని షెడ్డుకి తోలుకుపోయాడు. అప్పటికే చీకటి పడింది. ఇక్కడి నవంబరులో సాయంత్రమనేదే ఉండదు. కామేశ్వరరావు పడవ వెనక అడుగున ఉన్న బిరడా విప్పాడు. లోపల నీరుంటే అంతా కారిపోవాలి. ఒక్క చుక్క రాలేదు. పొడి. బరువుండటానికి ఏమీ లేదు లోపల. అమ్మయ్య, ఇక ఇంటికి పోవచ్చు.

అప్పుడు పడవలో పంపు మోగింది.

నీళ్ళు తోడే పంపు. బ్యాటరీలు డిక్కీలో ఉన్నాయి... తనే పెట్టాడు... తాళం చెవి జేబులో ఉంది.

పక్కనున్న గొట్టంలోంచి ధార పడింది. సిమెంటు నేలమీద చిందింది. ఫోను లైటు వేశాడు. నీళ్ళలో తెల్లగా ఏవో. వంగాడు. అన్నం మెతుకులు. మధ్యమధ్య నల్లనువ్వులు.

"విన్నానోయ్..." అన్నాడు పడవకేసి. "ఆ రోజు విన్నాను. బద్ధకించాను. పోరా నాయనా... ఇంక వెళ్ళు..."

పంపు ఆగింది.

చేతిలో ఫోను మోగింది. లైటు ఆరిపోయింది. తెరమీద నీలిమ పేరు.

"అన్నయ్యగారూ, టోపీ దొరికిందా? అక్కడ అంతా బాగానే ఉంది కదా?"

ఏమీ లేదమ్మా అనబోయాడు. అలవాటయిన మాట, నాలుకమీదే ఉంది. ఇంతలో తల పక్కనే, పొడిగా ఉన్న పడవ లోపలినుంచి, రెండు దెబ్బలు గబగబా. ఆగి... ఇంకొకటి.

ఫోనులో నీలిమ ఊపిరి బిగపట్టడం వినిపించింది.

"అది..." అంది చాలా మెల్లగా. "అది మా ఆయన తట్టడం కదా అన్నయ్యగారూ?"

కామేశ్వరరావు నేలమీద కూలబడ్డాడు. ఆనించిన అరచేతి కింద మెతుకులు మెత్తగా నలిగాయి. గడ్డకట్టే చలి. నెల కిందట నీళ్ళలో వదిలిన అన్నం.

చెయ్యి చుర్రుమంది. మెతుకులు ఇంకా పొగలు కక్కుతున్నాయి.