కరిగిన ఒడ్డు

ఏడింటికి కంపెనీ బస్సు. ఆరింటికే పొయ్యి దగ్గరికి వచ్చి పిండి డబ్బా జరిపిన ధనలక్ష్మికి దాని వెనక పేపరులో చుట్టిన జొన్నరొట్టె దొరికింది. నిన్న అత్తకు పెట్టిందే. అంచున రెండు కొరుకులు పడ్డాయంతే.

అత్త మొగులమ్మది పన్నెండేళ్ళుగా బోసినోరు. దసరా ముందు పటాన్‌చెరులో కట్టుడుపళ్ళు పెట్టించారు. చిట్కుల్‌లో వాళ్ళ పక్కింటి కౌసల్యమ్మకూ అదే డాక్టరు, అదే వారం. ఆవిడ మక్కకంకులు కొరుకుతోంది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానమ్మ దగ్గర వీళ్ళు మొక్కు తీర్చుకున్న నాడు యాటకూరలో బొక్కలు కూడా నమలకుండా వదల్లేదు. మొగులమ్మేమో కడుపునొప్పని ఆకు ముందు నుంచి లేచిపోయింది. వండింది కోడలు, చుట్టాలంతా చూసింది కోడలి వైపే.

సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు చేసే కంపెనీలో ధనలక్ష్మిది తనిఖీ పని. ఒకే చోట తయారైన రెండింటిలో ఒకటి బాగుంటే రెండోదీ బాగున్నట్టే, తేడా వస్తే తప్పు వాడినవాళ్ళది. ఇంట్లోనూ ఆమెది అదే తూకం.

"నా చేతి వంట సయించకుంటె మొఖం మీదనే చెప్పత్తమ్మా. గిట్ల దాసుడేంది?"

"సయించక కాదు బిడ్డా. కింది పళ్ళు ఆగుతలేవు."

"కౌసల్యమ్మకు ఆగినయి నీకెందుకు ఆగయి?"

మొగులమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తనకే తినడం చేతకావడం లేదేమోనని గొణిగింది.

ధనలక్ష్మి కంపెనీకి సెలవు పెట్టి అత్తను ఆటో ఎక్కించింది. నిజం చెప్పొద్దూ, వైద్యం కోసం కాదు, తన మాటే నిజమని డాక్టరమ్మ నోట అనిపించడానికి.

డాక్టరు మహిత అంతా విని, కింది దవడల సుద్ద అచ్చులు రెండు బల్ల మీద పెట్టి వేలితో తడిమి చూడమంది. ఎవరిదో మొదటిదాంట్లో చిగుళ్ళ గట్టు ఎత్తుగా తగిలింది. రెండోది అత్తది. వేలు జారిపోయింది.

పళ్ళలో తప్పు లేదనీ, అవి కూర్చునే గట్టే అరిగిపోయిందనీ డాక్టరమ్మ చెప్పింది. పైవి అంగిలికి అతుక్కుంటాయి, కిందివి నమిలినప్పుడల్లా జారి ఒరుసుకుంటాయి.

"పొలం ఒడ్డు లెక్కనే," అంది మొగులమ్మ. "ఒడ్డు కరిగితె మడిల నీళ్ళాగయి."

సెట్టు లోపల కొత్త పూత వేస్తే కొంత మేలట. చిన్న ముక్కలు రెండు వైపులా నమలాలట. కౌసల్యమ్మలా కొరకడం మాత్రం కుదరదట. పళ్ళు తీయించాక ఏళ్ళ తరబడి ఖాళీగా వదిలితే గట్టు ఇలాగే అరుగుతుందంటూ, ఎందుకు ఆగారని అడిగింది.

మొగులమ్మ కోడలి వైపు చూడలేదు. "ఐదారు సార్లు రమ్మన్నరు. పసిపిల్లను ఎవలకు ఇడిసిపెట్టి వద్దును? ఈమెకు గప్పుడే కొలువైంది."

ధనలక్ష్మి వేలు ఇంకా అచ్చు మీదే ఉంది. కూతురు నిహారిక అప్పుడు మూడు నెలల పిల్ల. తాను డ్యూటీ దిగి వచ్చేసరికి నాయనమ్మా మనవరాలూ ఒకరి బోసినోరు చూసి ఒకరు నవ్వుకునేవారు. తానూ నవ్వేది. పిల్లకు పళ్ళొచ్చాయి, పాలపళ్ళు రాలి కొత్తవీ వచ్చాయి. అత్త నోటి సంగతి మాత్రం ఎవరూ తలవలేదు. ధనలక్ష్మి కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

"నేనన్న అడగకపోతినత్తమ్మా."

"నీకు యాడ తీరె బిడ్డా," అని మొగులమ్మ కోడలి చెంపలు తుడిచింది.

ఆ సాయంత్రం ధనలక్ష్మి రొట్టెలు చిన్నగా తుంచి పప్పుచారులో నానేసింది. అత్త పళ్ళెంలోనే కాదు, నిహారిక పళ్ళెంలో, తన పళ్ళెంలో కూడా. రెండో ముద్దకే మొగులమ్మ కింది సెట్టు జారింది. చెయ్యి చెంగు కోసం వెళ్ళింది.

"నిమ్మలంగ తినత్తమ్మా. నువ్వు తిన్నంకనే మేం లేస్తం."

మొగులమ్మ చెంగు వదిలేసి, పళ్ళు సరిచేసుకుని మళ్ళీ నమిలింది. రొట్టె అయ్యేసరికి గంట పట్టింది. అప్పటిదాకా తల్లీబిడ్డలు ఎండిన ఎంగిలి చేతులతో అలాగే కూర్చున్నారు.