ఇద్దరికొక మిషన్

"నా మిషన్ బంద్ చేసిందెవరు?"

ఇనుప దూలం మీద కూర్చున్న వెల్డర్ దుర్గయ్య అరుపుకు మలక్‌పేట గోదాముల సైటంతా తలెత్తి చూసింది.

"నేనే," అంది కింద నిలబడ్డ రాజమణి. వెల్డర్లకు పెద్దవాడైన ఉస్తాద్ రాజన్న కూతురు. స్టోరు క్లర్కుగా చేరి నెల కూడా కాలేదు. "అర్ధగంట సంది ఉత్తగ మోగుతున్నది. నువ్వేమో సుత్తెతోని కొడుతున్నవ్."

"దూలం సరిజేసుకోకుంటె అతుకు ఎట్ల పడ్తది? నా మిషన్ ముట్టకు!"

"కిరాయి మిషన్ అది. మీ అత్తగారు పెట్టింది కాదు."

అందరూ గొల్లుమన్నారు. దుర్గయ్యకు కోపం రావాల్సింది. ముఖానికి అద్దం దించుకుని, దాని వెనక నవ్వుకున్నాడు.

మర్నాటి నుంచి రాజమణి నోటుబుక్కుతో అక్కడక్కడే తిరిగింది. నిప్పురవ్వలు లేస్తే ఒక గీత, ఆగితే ఒక గీత. తన కోసమే వస్తోందని అతను ఉబ్బిపోయాడు.

గురువారం ఆ సంబరం కాస్తా చల్లారింది. కిరాయి భరించలేమని, ఎనిమిది మిషన్లలో నాలుగు శనివారం వాపస్ పంపుతున్నామని ఇంజనీరు వైకుంఠం చెప్పాడు. వాటితో పాటే నలుగురు మనుషులు కూడా. ఆఖరున చేరినవాళ్లే ముందు పోవాలి. దుర్గయ్య అందులో ఒకడు.

శుక్రవారం వాన పట్టుకుంది. పని ఆపి, మిషన్లను లోపలికి తోసి, అందరూ రేకుల షెడ్డులో చేరారు.

"నా పేరు రాసిచ్చినవా?" అన్నాడు దుర్గయ్య. "గందుకేనా నా ఎంబడి తిరిగినవ్?"

రాజమణి నోటుబుక్కు అతని మీదికి విసిరింది.

"సూడు! ఎవరి మిషనైనా దినంల మూడో వంతే పని చేస్తది. కడమదంతా సరిజేసుకునుడే. ఒకరు అతికిస్తుంటె ఇంకొకరు దూలం జోడిస్తె, ఇద్దరికి ఒక మిషన్ సాలుతది. మనిషెందుకు పోవాలె? సారుకు చెప్పిన. మీరే ఒప్పుకోరన్నడు."

అది నిజమే. ఎవరి చేతికి తగ్గట్టు వాళ్లు కరెంటు పెట్టుకుని, దాన్ని పెంచి తగ్గించే పిడి పక్కన సుద్దముక్కతో గుర్తు గీసుకుంటారు. ఇంకొకరు ఆ పిడి తిప్పితే లొల్లే.

"మిషన్లు వాపస్ పోతయని స్టోరుల ముందే తెల్సింది. నువ్వు పోవద్దనే నాలుగు దినాలు కాళ్లు గుంజంగ నిలబడ్డ," అంది రాజమణి. "గది గూడ తెల్వదా నీకు?"

దుర్గయ్య తన మిషన్ దగ్గరికి నడిచి, సుద్ద గుర్తును చొక్కా చేతితో తుడిచేశాడు.

"ఉస్తాద్, నువ్వెంత పెట్టుకుంటవో పెట్టుకో. నా చెయ్యి దానికే అలవాటు చేసుకుంట."

రాజన్న లేచి వెళ్లి తన మిషన్ మీది గుర్తు కూడా చెరిపేశాడు. ఉస్తాదే చెరిపాక మిగిలినవాళ్లు ఊరుకుంటారా!

శనివారం నాలుగు మిషన్లు లారీ ఎక్కాయి. మనుషులు మాత్రం ఒక్కరూ తగ్గలేదు.

ఆ సాయంత్రం రాజన్న అతుకు వేస్తుంటే, పక్క దూలం సరిచేస్తూ దుర్గయ్య కింద నిలబడ్డ రాజమణి వైపు వంగాడు.

"రాజమణీ, ఇద్దరికి ఒక మిషన్ సాలుతదంటివి. ఇద్దరికి ఒక ఇల్లు సాలదా?"

రాజమణి సిగ్గును నోటుబుక్కు వెనక దాచుకుంది. "నన్నేం అడుగుతవ్? నీ జోడీదారును అడుగు."

నిప్పురవ్వలు ఆగిపోయాయి. రాజన్న మెల్లగా అద్దం ఎత్తాడు.

"ముచ్చట్లు ఇంటికాడ పెట్టుకుందం. నీ వంతు వచ్చింది, పట్టు అల్లుడా," అంటూ రాజన్న వెల్డింగ్ హోల్డర్ అందించాడు. "మిషన్ ఉత్తగ మోగుతున్నది. బిడ్డ రాసుకుంటది."