చూపుబాట

విశాఖలోని ఆ వైద్య సంస్థ క్యాంటీన్‌లో శిక్షణకు వచ్చిన డాక్టర్లందరూ దోసెను ఒకేలా చూసేవాళ్లు. ముందు పై అంచు, తర్వాత రెండు పక్కలు, ఆ తర్వాత మధ్యలోకి. అన్ని జతల కళ్లు ఒక్కసారిగా అలా కదులుతుంటే వడ్డించే మరమనిషికి తప్ప చూసినవాళ్లందరికీ నవ్వొచ్చేది. డాక్టర్ లావేటి తరళకు మాత్రం నవ్వు రావడం మానేసి చాలా రోజులైంది. ఆమె కళ్లూ అలాగే కదులుతున్నాయి. ఆపుకుందామన్నా ఆగడం లేదు.

2090ల నాటి మాట ఇది. చర్మం ముక్కను మైక్రోస్కోప్ కింద చూసి జబ్బు తేల్చే డెర్మటోపాథాలజిస్టు తయారు కావాలంటే అంతకుముందు ఏళ్లు పట్టేది. పుస్తకాలు ఎవరైనా చదవొచ్చు. గులాబీ, ఊదా రంగుల ఆ గజిబిజిలో కన్ను ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి, దేన్ని వదిలేయాలి అన్నది మాత్రం గురువు పక్కన కూర్చుని అలవాటు చేసుకోవాల్సిందే. ఆ కష్టం తప్పించడానికి పుట్టింది గేజ్ ట్రాన్స్‌ఫర్. తెలుగువాళ్లు ముద్దుగా చూపుబాట అన్నారు. ఆ విద్యలో అందెవేసిన చెయ్యి డాక్టర్ చామర్తి సోమసుందరం వేలాది స్లైడ్లు చూస్తుండగా ఆయన కనుపాపల కదలికలన్నీ రికార్డు చేశారు. శిష్యుల కళ్లలో పెట్టిన పల్చటి లెన్సు కంటి కండరాలను సన్నటి విద్యుత్తుతో తట్టి, చూపును అదే దారిలో నడిపిస్తుంది. కొన్ని నెలలయ్యాక లెన్సు తీసేసినా కన్ను ఆ దారి వదలదు. దేశదేశాల డాక్టర్లు విశాఖకు వచ్చి, చామర్తివారి చూపు తెచ్చుకున్నామని మురిసిపోతూ వెళ్లేవాళ్లు.

ఆ బాట నుంచి చూపు పక్కకు పోతే, మైక్రోస్కోప్‌కు అమర్చిన యంత్రం దాన్ని పెడచూపు అంటుంది. పెడచూపులు ఎక్కువైతే పట్టా రాదు. తరళకు అప్పటికే ఎక్కువయ్యాయి. ఇంకొక్కటి చాలు, ఇంటికి పంపేస్తారు.

అలాంటి సమయంలో నూకరత్నం స్లైడు వచ్చింది. పాత పేర్లు మళ్లీ ఫ్యాషనైన రోజులు కాబట్టి ఆ పేరున్నది పద్నాలుగేళ్ల పిల్ల. పరుగు పందేల్లో పాల్గొంటుంది. పిక్క మీద ఎర్రటి మచ్చ లేస్తే కోసి పంపారు. మామూలు పుట్టుమచ్చ అయితే కుట్లు మానితే సరి. మెలనోమా అనే క్యాన్సర్ అయితే ఇప్పుడే తేల్చాలి, లేకపోతే పిల్ల దక్కదు. పైకి చూస్తే రెండూ ఒక్క తల్లి పిల్లల్లా ఉంటాయి.

తరళ కళ్లు నడిచాయి. పై పొర, రెండు అంచులు, మధ్య భాగం. మచ్చ అడుగుకు చేరేసరికి ఎవరో చెయ్యి పట్టుకుని లాగినట్టు చూపు పక్కకు వచ్చేసింది.

"మామూలు పుట్టుమచ్చ. రిపోర్టు పంపమంటారా డాక్టర్?" అంది యంత్రం.

"ఉండు. అడుగున నేను సరిగ్గా చూళ్లేదు."

"గురువుగారు చూసినంతా చూశారు."

తరళకు ఒళ్లు మండింది. లెన్సులు తీసి పక్కన పడేసి మళ్లీ చూసింది. అలవాటు పడిన కన్ను మళ్లీ అక్కడే జారిపోయింది. లేచి కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగింది. పట్టా పోతుందన్న భయం ఒక పక్క, ముఖమైనా తెలియని ఆ పిల్ల మరో పక్క. చివరికి వచ్చి కూర్చుని, స్లైడును తలకిందులుగా తిప్పి పెట్టింది. ఎప్పటిలాగే కళ్లు ముందు పైకి పోయాయి. ఇప్పుడు పైనున్నది మచ్చ అడుగు భాగం!

అక్కడ కణాలు రెండుగా చీలుతున్నాయి. ఒకటి కాదు, గుంపులో చాలా. మామూలు పుట్టుమచ్చలో అంత లోతున జరగకూడని పని అది. ఇది మెలనోమాయే.

"పెడచూపు నమోదైంది" అంది యంత్రం.

"నమోదు చేసుకో" అని, ముందు నూకరత్నం సర్జన్‌కు ఫోన్ చేసింది. ఆ తర్వాత అడిగింది. "ఇలాంటి మచ్చల్లో గురువుగారు అడుగు భాగం ఎంతసేపు చూశారు?"

"తేలిగ్గా తేలే మచ్చల్లో తీరిగ్గా చూశారు. తేలడం కష్టమైన వాటిలో చూపు అక్కడికి వెళ్లి, వెంటనే వెనక్కి వచ్చేసింది."

మర్నాడే తరళ భీమిలిలో చామర్తివారి ఇంటికి వెళ్లింది. విషయం విని పెద్దాయన దాచకుండా చెప్పారు.

"రికార్డు చేసేటప్పుడు నన్నొక గాజుగదిలో కూర్చోబెట్టారమ్మా. వెనకాల జనం. తెర మీద నా కన్ను ఇంత పెద్దగా కనపడతా ఉండేది. తెలీని చోట అది బిక్కమొహం వేసుకుని నిలబడిపోతే ఏం బాగుంటుంది? మెల్లిగా జారుకునేవాణ్ణి."

"మరి మీ రిపోర్టులు ఎప్పుడూ తప్పలేదు కదండీ?"

"ఎలా తప్పుతాయి? ఆ స్లైడు పట్టుకుని పక్కగదిలో డాక్టర్ ఆదిలక్ష్మి దగ్గరికి పోయేవాణ్ణి. 'ఒకసారి ఇలా చూడవోయ్, నాకు తెలీడం లేదు' అనేవాణ్ణి. ఇద్దరు చూసే మైక్రోస్కోప్‌కి చెరోవైపూ కూర్చుని పోట్లాడుకునేవాళ్లం. అక్కడ కెమెరా లేదమ్మా."

తరళకు ఆయన మీద కోపం, జాలి ఒక్కసారే కలిగాయి.

నూకరత్నానికి వేళకు ఆపరేషన్ జరిగింది, పిల్ల గట్టెక్కింది. సంస్థ చామర్తివారి బాటను రద్దు చేసి, పాత స్లైడ్లన్నీ తిరగతోడించింది. డైరెక్టర్ డాక్టర్ రెహానా తరళను పిలిపించి పట్టా ఇచ్చి, ఇంకో మాట కూడా చెప్పారు.

"కొత్త బాట మీ కళ్లతో వేద్దాం. ఒక్కటే కోరిక. తెలీని చోట ఆగండి. ఆ ఆగడం కూడా పిల్లలు నేర్చుకోవాలి."

"అందుకేగా నేను ఒప్పుకుంటున్నది" అంది తరళ. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

గాజుగదిలో మొదటి రోజు స్లైడ్లు చకచకా సాగాయి. వెనక వరసలో డైరెక్టర్, విదేశీ డాక్టర్లు, విలేకరులు. తెర మీద తరళ కన్ను తలుపంత. మధ్యాహ్నం దాటాక ఒక స్లైడు వచ్చింది. అడుగున ఏవో కణాలు. ఆమె అలాంటివి ఎన్నడూ చూడలేదు. చూపు ఆగింది. ఆగాలి, ఇక్కడే ఆగాలి అని తనకు తాను గట్టిగా చెప్పుకుంది. వెనక ఎవరో కుర్చీలో కదిలారు. ఇంకెవరో పక్కవాళ్ల చెవిలో ఏదో అన్నారు. తరళ మెడ వెనక చెమట పట్టింది. 'ఈవిడకి తెలీలేదు' అంటున్నారా?

కన్ను నెమ్మదిగా పక్కకు తిరిగి, అంచు వెంబడి బయటికి వచ్చేసింది.

"బ్రహ్మాండం డాక్టర్!" అన్నారు రెహానా మైకులో. "ఎక్కడా తడబాటు లేదు."

సిగ్గుతో తరళ చెవులు వేడెక్కాయి. నిజం చెప్పడానికి నోరు తెరిచింది.

"థాంక్యూ మేడమ్" అని, తర్వాతి స్లైడు పెట్టమంది.