నీకేం తల్లీ!

పొద్దున్నే ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడగానే ముందు జేబులు తడమడం ఆవిడ అలవాటు. వీధంతా ఇస్త్రీ అత్త అని పిలిచే ఆవిడ చేతికి ఇన్నేళ్లలో ఏమేం దొరకలేదు గనక! బస్సు టికెట్లు, మాత్రలు, ఒకసారి ఒకాయన పళ్ల సెట్టు. ఆ వేళ మాత్రం సొంత కూతురి ఆఫీసు ప్యాంటులో నాలుగు మడతల కాగితం దొరికింది. కళ్లజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. 'మూడు నెలలు జీతం లేని సెలవు కోరుతున్నాను. కారణం: విశ్రాంతి.'

విశ్రాంతట! ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

నిజం చెప్పుకోవాలంటే ఈ మంట ఇవాళ్టిది కాదు. కూతురికి ఉద్యోగం వచ్చిన రోజు వీధంతా మిఠాయి పంచింది ఆవిడే. కానీ ఆ ఏసీ గది, మెత్తటి కుర్చీ, గుమ్మంలోకొచ్చి ఆగే ఆఫీసు కారు గురించి వింటుంటే లోపలెక్కడో చురుక్కుమనేది. తను నెలంతా నిలబడి సంపాదించేదాన్ని కూతురు వారంలో కూర్చుని తెచ్చేస్తోంది మరి. కడుపున పుట్టినదాని మీద ఈ కుళ్లేమిటని తనను తానే తిట్టుకునేది. మర్నాడు మళ్లీ కుళ్లుకునేది.

కూతురు తల తుడుచుకుంటూ వచ్చింది. "అమ్మా, నా ప్యాంటు అయిందా?"

"అది సరే, ఇదేంటే?"

కూతురి మొహం పాలిపోయింది. "అలసిపోయానమ్మా. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. ఆఫీసు మెట్లెక్కుతుంటే చేతులు వణుకుతున్నాయి. ఇవాళే ఇవ్వాలది. దాచుకున్నది ఉంది, ఇల్లు గడిచిపోతుంది."

"కూర్చుని చేసే పనికి అలసటేంటే? నడుం వంచావా, చెయ్యి కాల్చుకున్నావా? మీ నాన్న పోయిన నాలుగోనాడు ఈ బల్ల దగ్గర నిలబడ్డాను. నాకెవరిచ్చారే సెలవు?"

"నీ కష్టాన్ని కాదన్నానా? నీకు చెప్పకుండా ఇవ్వలేకే వారం నుంచి జేబులో పెట్టుకు తిరుగుతున్నా. నువ్వు వద్దంటే మానేస్తా."

"నేనెందుకంటాను? నీకేం తల్లీ! మహారాణివి!" కాగితాన్ని ఉండచుట్టి బల్లకేసి కొట్టింది.

కూతురు ప్యాంటు అందుకుంది. చెయ్యి వణికి అది జారిపోయింది. తీసుకుందామని వంగి, అక్కడే కూలబడి ఏడ్చేసింది.

ఇస్త్రీ అత్త బిత్తరపోయింది. ఆ వణికే చెయ్యి ఒక ఎత్తు, తన నోట్లోంచి ఊడిపడిన మాట ఒక ఎత్తు. అచ్చం వాళ్లమ్మ గొంతే! బొగ్గుల పెట్టెతో బతుకంతా చేతులు కాల్చుకున్న మనిషి. తను మొదటి కరెంటు పెట్టె కొనుక్కుని సంబరంగా చూపించబోతే, మూతి తిప్పుకుని, "నీకేం తల్లీ, పొగా లేదు, మసీ లేదు" అంది. ఆ తర్వాత కాళ్లు లాగుతున్నాయని ఆ అమ్మతో ఒక్కనాడూ చెప్పుకోలేదు తను.

కూతురి పక్కనే నేల మీద చతికిలబడింది.

"కుళ్లే నాకు. నీ మీద కుళ్లు. అలసిపోయానని నోరు తెరిచి చెప్పగలుగుతున్నావు చూడు, అందుకు. నాకా మాట అనడం కూడా రాదే."

కూతురు ముక్కు చీదుకుంది. "నాకు తెలీదనుకున్నావా? నేను కొత్త చెప్పులు కొన్నప్పుడల్లా నీ మూతి చూస్తే తెలిసిపోతుంది."

ఇద్దరికీ ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఆవిడ లేచి, ఉండను విప్పి, కాగితాన్ని బల్ల మీద పరిచింది. పైన పల్చటి గుడ్డ వేసి, పెట్టె వేడి తగ్గించి మెల్లగా రుద్దింది. "నలిగిన కాగితం ఇస్తే ఇస్త్రీ అత్త పరువేం కాను! పట్టుకెళ్లి ఇచ్చెయ్."

కూతురు కాగితం అందుకోకుండా గోడ దగ్గరికి వెళ్లి స్విచ్ ఆపేసింది.

"అదేంటే! ఇంకా పదిళ్ల బట్టలున్నాయి!"

"ఉండనీ. సెలవెవరిచ్చారని అడిగావుగా, నేనిస్తున్నా. ఇవాళ కూర్చో."

భుజాలు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. ఇస్త్రీ అత్త చేతులు ఒళ్లో పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది.

"కూర్చుని ఏం చెయ్యాలే?" అని అడిగి, భోరుమంది.