తూర్పు గోడ

ఫోన్లో హారతి మాట్లాడుతుంటే సాయిచైతన్యకు గొంతే వినబడేది, మాటలు కావు.

ఆ శనివారం సాయంత్రం కూడా అంతే. చిక్కడపల్లిలో తమ ఇంటి మేడమీద, ఆరేసిన బట్టల మధ్య నిలబడి ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. ఆమె ఏదో చెబుతోంది. అతను "ఊ" అంటున్నాడు.

"ఇన్నవా?"

"ఊ."

"ఏం ఇన్నవ్?"

"అన్నీ."

నవ్వి ఫోన్ పెట్టేసింది. ఆ నవ్వుతోనే అతని సాయంత్రం గడిచిపోయింది.

హారతి అశోక్ నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుతోంది. ఆదివారాలు మాత్రం పుస్తకాలు మూసేసి, ఊరి బయట వదిలేసిన మొరం గుంటల దగ్గర ఉంటుంది. అపార్ట్‌మెంట్ల పునాదులు నింపడానికి ఒకప్పుడు తవ్విన గుంటలవి. వాననీళ్లు నిలిచి చిన్న చిన్న చెరువులయ్యాయి. ఒడ్లు నిట్టనిలువుగా ఉంటే కప్పలు ఎక్కలేవు, కొంగలు దిగలేవు. అందుకే పదిమంది స్నేహితులు చేరి, వానలు పడేలోపు ఒడ్లను ఏటవాలుగా చెక్కిస్తున్నారు. సివిల్ ఇంజినీరు కాబట్టి కొలతల పని చైతన్యది.

మొదటిరోజు అతను తెల్లబూట్లతో వచ్చాడు.

"సైట్ చూడనీకి వచ్చినవా, పెండ్లిచూపులకా?" అంది హారతి.

"రెండూ ఒకేసారి అయిపోతే పెట్రోలు కలిసొస్తుంది కదా" అన్నాడు.

ఆ మాటకు అతన్ని మోకాలిలోతు బురదలో నిలబెట్టి, గంటసేపు టేపు పట్టించింది.

ఫోన్ చేసిన మర్నాడు హారతికి మాక్ టెస్ట్. మధ్యాహ్నం గుంట దగ్గరికి వచ్చేసరికి తూర్పు గోడ లేదు. మట్టిపని మేస్త్రి పీరయ్య, అతని మనుషులు చైతన్య గీసిచ్చిన కొలతకే దాన్ని నున్నగా చెక్కేశారు.

ఆ గోడ నిండా పసిరిక పిట్టల బొరియలుండేవి. లోపల పిల్లలు. ఇప్పుడు ఆ ఆకుపచ్చ పిట్టలు ముక్కున తూనీగలు కరుచుకొచ్చి, బొరియ ఉండాల్సినచోట గాలిలో రెక్కలు కొట్టుకుంటూ ఆగుతున్నాయి. వెళ్లి మళ్లీ వస్తున్నాయి.

"నిన్న ఫోన్ల చెప్పిన కద చైతన్యా, తూర్పు గోడ ముట్టొద్దని పీరయ్య కాకకు చెప్పమని."

అప్పుడు వినబడింది అతనికి నిన్నటి మాట.

"చెప్పావు" అన్నాడు.

"మరి నువ్వు కాకకు చెప్పినవా?"

అవుననలేదు, కాదనలేదు. బూట్ల వైపు చూశాడు. ఆమె పీరయ్య వైపు తిరిగింది.

"నాకెవ్వరు చెప్పలే బిడ్డా" అన్నాడు పీరయ్య. పాలమూరు నుంచి వచ్చి, వయసులో ఉన్నప్పుడు ఆ గుంటను తవ్వినవాళ్లలో అతనొకడు.

"చెప్పకుంటెట్ల ఉంటడు కాకా? నువ్వే ఇనలే. వచ్చే వారం నుంచి రాకు."

చైతన్య నోరు తెరిచాడు. హారతి తడి కళ్లు చూసి మూసుకున్నాడు.

ఇంటికి రాగానే తల్లి వేదవతి అడిగింది. "పీరయ్యకి గోంగూర పచ్చడి డబ్బా ఇచ్చావురా?"

"ఇచ్చానమ్మా." పొద్దున ఆమె ఇచ్చి పంపిన డబ్బా సంచిలోనే ఉంది.

తర్వాత మూడు రోజులు, పీరయ్య పని కోసం నిలబడే అశోక్ నగర్ కూలీల అడ్డా కనబడకుండా నారాయణగూడ మీదుగా ఆఫీసుకు వెళ్లాడు. నాలుగో రోజు అటు ట్రాఫిక్ ఆగిపోయి అశోక్ నగర్ మీదుగానే రావలసివచ్చింది. పీరయ్య ఎదురొచ్చాడు.

"సారూ, జర ఆగు. మేడమ్ కోపం తగ్గిందా?"

చైతన్య బండి ఆపాడు.

"నువ్వు చెప్పే ఉంటవ్. నాకే ఇనబడలేదేమో. మా ఆశమ్మ గదే అంటున్నది, చెవులు పోయినయని. నిన్న దవాఖాన్ల చూపిచ్చుకున్న. మంచిగనే ఉన్నయంటరు. మరి గట్లెట్లయింది సారూ?"

వెనక హారన్లు మోగుతుంటే, అదే సాకుగా బండి ముందుకు పోనిచ్చాడు. ఆఫీసుకు పోలేకపోయాడు. హాస్టల్ పక్క చాయ్ బండి దగ్గర హారతి దొరికింది.

"కాకకు నేను చెప్పలేదు. నువ్వు చెప్పిందే నేను వినలేదు."

"పదిసార్లు ఊ అన్నవ్ కద."

"నీ గొంతు వింటూ ఉండిపోయాను."

వేరే రోజైతే నవ్వేదేమో. "ఆ ముసలాయన నా ముంగట నిలబడి ఎవ్వరు చెప్పలే అంటుంటే మూగోని లెక్క నిలబడ్డవ్."

"చెవులు చూపించుకున్నాడట హారతీ. తప్పు తనదేనేమోనని."

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టేసింది.

"నువ్వు చెప్పలే, నేను నమ్మలే" అంది. "నువ్వు ఊకుంటే నమ్మిన, ఆయన నోరిడిచి చెప్తే నమ్మలే. పా, ఇద్దరం పోదాం."

ఆ రోజు పీరయ్యను ఎవరూ పనికి పిలవలేదు. అడ్డా దగ్గర దుకాణం మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చైతన్య నిలబడే అంతా చెప్పాడు. హారతి తన వంతు చెప్పింది. పీరయ్య వాళ్లిద్దరినీ చూడకుండా ఫోన్ తీశాడు.

"ఓ ఆశమ్మా, నా చెవులకు ఏం కాలే. మంచిగనే ఉన్నయ్."

ఫోన్ జేబులో పెట్టుకున్నాక అన్నాడు. "నాలుగు దినాలసంది నిద్ర లేదు సారూ నాకు."

చైతన్య అదే మెట్టు మీద అతని పక్కన కూర్చున్నాడు.

"ఉత్తరం దిక్కు గోడ ఉంచుదం" అన్నాడు పీరయ్య. "నిట్టగ చెక్కి పెడ్త. వచ్చే ఎండకాలం పిట్టలు చూస్కుంటయ్."

శనివారం చైతన్య మేడమీద బట్టలు తీస్తుంటే ఫోన్ మోగింది. తొలకరి చినుకులు మొదలయ్యాయి.

"పొద్దుగాల ఆరింటికి నారాయణగూడ చౌరస్తల వ్యాన్. తిరిగి చెప్పు."

"పొద్దున ఆరింటికి నారాయణగూడ చౌరస్తాలో వ్యాన్."

"గోంగూర డబ్బా కాక చేతికియ్యాలె."

"కాక చేతికివ్వాలి. అమ్మకు నిజం చెప్పేశాను."

"నీ మీద కోపం ఇంక పోలే."

"నా మీద కోపం ఇంకా పోలేదు."

"గని నువ్వు రాకుంటే నాకు మంచిగుండది."

చొక్కా తీస్తున్న అతని చేయి తీగ మీదే ఆగిపోయింది.

"ఇన్నవా?"

"విన్నాను. నేను రాకపోతే నీకు బాగుండదు."

"ఊ" అంది హారతి.

కింద నుంచి వేదవతి, బట్టలు తడుస్తున్నాయిరా అని కేకేసింది. ఆ మాటా వినబడింది అతనికి.